కాన్పు తర్వాత నెత్తురు ఆగనప్పుడు: చిన్న ఆస్పత్రి లేబర్ రూమ్‌కు సమగ్ర మార్గదర్శి

రాత్రి డ్యూటీలో ఒక స్టాఫ్ నర్సు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఆయమ్మ. డాక్టరు క్వార్టర్స్‌లో ఉంటారు, ఫోన్ చేస్తే వస్తారు. బ్లడ్ బ్యాంకు ఉండదు. ఉన్నచోట స్టోరేజీ ఫ్రిజ్‌లో రెండు మూడు సంచులుంటే గొప్ప. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్, మక్తల్, ఆలంపూర్ వైపు పనిచేసినవాళ్లకు ఈ పరిస్థితి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ మార్గదర్శి వాళ్ల కోసమే. చుట్టూ నలుగురు పీజీలు, పక్క గదిలోనే ఆపరేషన్ థియేటర్ ఉన్నవాళ్లకు ఇందులో కొంత అనవసరం అనిపించవచ్చు.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అరలీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా నెత్తురు అందుతుంటుంది. మాయ ఊడి వచ్చాక ఆ నాళాల నోళ్లను గర్భసంచి కండరమే బిగుసుకుని మూయాలి. అది మెత్తగా ఉండిపోతే రెండు గంటల్లో మనిషి చేజారిపోవచ్చు. పైగా వయసులో ఉన్న శరీరం మోసం చేస్తుంది. లీటరు పోయినా బీపీ మామూలుగానే కనిపిస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. మందు లేక పోయే ప్రాణాలకన్నా, మందు చేతిలో ఉండగానే "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అనుకోవడం వల్ల పోయేవే ఎక్కువని నా అభిప్రాయం. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ ఐదు నిమిషాలను కోసేయడానికే.

కాన్పు గదికి రాకముందే

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. హిమోగ్లోబిన్ 11 ఉన్న మనిషి అరలీటరు పోయినా తట్టుకుంటుంది. 7 ఉన్న మనిషికి 300 మి.లీ. కూడా ప్రమాదమే. కాబట్టి పీపీహెచ్ (కాన్పు తర్వాత అతిగా నెత్తురు పోవడం) చికిత్స మొదలయ్యేది లేబర్ టేబుల్ మీద కాదు, ఐరన్ మాత్రలు పంచే రోజున. మాత్రలతో లెక్క పెరగకపోతే సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) నరానికి ఐరన్ ఎక్కించండి. తొమ్మిదో నెలలో 7 కన్నా తక్కువ ఉంటే ఆ కాన్పు మీ దగ్గర జరగకూడదు. నెత్తురు దొరికే ఆస్పత్రికి ముందే పంపాలి.

పాలమూరు వైపు ఇంకో ఇబ్బంది ఉంది. ముంబైకో పుణెకో పనికి పోయి, నెలలు నిండాక ఊరికి తిరిగొచ్చేవాళ్లు. చేతిలో కార్డు ఉండదు, ఏ పరీక్షా జరిగి ఉండదు. అట్లాంటి మనిషి నొప్పులతో వస్తే రిజిస్టర్ తర్వాత రాసుకోవచ్చు. ముందు హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, బీపీ చూడండి. ఆస్తమా ఉందా అని అడగండి. ఈ నాలుగూ తెలిస్తే అర్ధరాత్రి ఏ మందు ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో తేలిపోతుంది.

కవలలు, ఉమ్మనీరు ఎక్కువ, పెద్ద బిడ్డ, చాలాసేపు సాగిన నొప్పులు, కిందటి కాన్పులో నెత్తురు పోవడం, పాత సిజేరియన్ మచ్చ మీద కిందికి అంటుకున్న మాయ: వీళ్ల విషయంలో ముందే జాగ్రత్తపడతాం. అయితే పీపీహెచ్ వచ్చేవాళ్లలో చాలామందికి ఇవేవీ ఉండవు. మూడో కాన్పు, గంటలో అయిపోయింది, అంతా బాగుంది అనుకున్న చోటే తగులుతుంది. అందుకే సరంజామా అందరికీ సిద్ధంగా ఉండాలి.

పీపీహెచ్ డబ్బా

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఎర్ర రంగుదైతే మేలు, లేబర్ టేబుల్ పక్కనే ఉండాలి. స్టోర్‌లో కాదు, తాళం వేసి అసలే కాదు. తాళంచెవి ఉన్న ఫార్మసిస్టు ఊళ్లో లేని రాత్రే అవసరం పడుతుంది. అందులో 16, 18 నంబరు క్యానులాలు, సలైన్ సెట్లు, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సీసాలు, సిరంజిలు, మూత్రం తీసే ఫోలీ క్యాథెటర్లు, యూరిన్ బ్యాగ్, కండోములు, దారం, మోచేతి దాకా వచ్చే గ్లౌజులు, గాజు పరీక్షనాళిక, కట్టిన నెత్తురు గడ్డ కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ రెండు మోతాదులు, గర్భసంచిని బిగించే మిసోప్రోస్టాల్ మాత్రలు ఉంచండి. మూతకు లోపలివైపు మోతాదుల కాగితం అతికించండి. వణుకుతున్న చేతులకు జ్ఞాపకశక్తి పనిచేయదు.

గర్భసంచిని బిగించే ఇంజెక్షన్లు ఆక్సిటోసిన్, మెథర్జిన్, కార్బోప్రోస్ట్ ఈ డబ్బాలో ఉండకూడదు. మూడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. మెథర్జిన్‌కు వెలుతురు కూడా పడదు. ఉదయం డ్యూటీలో ట్రేలో పెట్టిన ఆక్సిటోసిన్ ఆంపూల్ నల్గొండ మే నెల ఎండలో సాయంత్రం దాకా అక్కడే ఉంటే, చూడ్డానికి తేడా ఏమీ తెలియదు. లోపల మందు బలం మాత్రం తగ్గుతూ పోతుంది. మీ దగ్గర "ఆక్సిటోసిన్ ఇచ్చినా గర్భసంచి గట్టిపడట్లేదు" అన్న మాట తరచుగా వినిపిస్తుంటే ముందు ఫ్రిజ్ థర్మామీటర్ చూడండి. తలుపు అరల్లో పెట్టొద్దు, మధ్య అరలో పెట్టండి. గడ్డకట్టనివ్వకండి. కరెంటు పోతే టీకాల క్యారియర్‌లోకి మార్చండి. వేడికి చెడిపోని కార్బెటోసిన్ ఇంజెక్షన్ దొరికితే నివారణకు 100 మైక్రోగ్రాములు ఒక్కసారి చాలు. నెత్తురు పోవడం మొదలయ్యాక చికిత్సకు మాత్రం ఆక్సిటోసినే.

బిడ్డ పుట్టిన నిమిషం

ఇంకో బిడ్డ లేదని పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుని, నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు తొడకు ఇవ్వండి. మన దగ్గరికి వచ్చే ఆంపూల్ ఎక్కువగా 5 యూనిట్లది, అంటే రెండు కావాలి. చీటీ చదివి గీయండి. ఒకటే ఇచ్చి "ఆక్సిటోసిన్ ఇచ్చాం" అని కేస్‌షీట్‌లో రాయడం కొత్త విషయం కాదు.

బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరించవచ్చు, బిడ్డకు మంచిది. గర్భసంచి బిగుసుకున్నాక ఒక చేత్తో పొత్తికడుపు మీద దాన్ని పైకి ఆపి, రెండో చేత్తో తాడును నెమ్మదిగా కిందికి లాగండి. బిగువు లేకుండా లాగితే గర్భసంచే తిరగబడి బయటికొస్తుంది. మాయ వచ్చాక వెలుతురులో రెండు వైపులా పరిచి చూడండి. ముక్క తక్కువగా ఉందా, పొర చిరిగి లోపల మిగిలిందా? ఆయమ్మ మాయను బకెట్‌లో వేయకముందే ఇది జరగాలి.

తర్వాతి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకు బొడ్డు దగ్గర చెయ్యి వేసి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడాలి. పల్స్, బీపీ కూడా అప్పుడే.

కళ్లతో కాదు, కొలిచి చూడండి

ఈ భాగం నిదానంగా చదవండి. మన లేబర్ రూముల్లో మారాల్సింది అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే ఉంది.

నెత్తురు ఎంత పోయిందో కంటి అంచనాతో చెబితే ఎప్పుడూ తక్కువే చెబుతాం. ఎంత ఎక్కువ పోతే అంత తక్కువ చెబుతాం. పక్క కర్ణాటకలోని బెళగావి వైద్యులు కాన్పు తర్వాత నడుము కింద పరిచే, అడుగున గీతలున్న సంచి లాంటి ప్లాస్టిక్ డ్రేప్‌తో కొలిచి చూశారు. కంటి అంచనా డ్రేప్ లెక్కకన్నా మూడోవంతు తక్కువగా తేలింది. తర్వాత కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆస్పత్రుల్లో ఇ-మోటివ్ పేరుతో పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2023లో వచ్చాయి. డ్రేప్‌తో కొలిచి, మొదటి చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టిన ఆస్పత్రుల్లో తీవ్రమైన నెత్తురుపోత, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. వాడినవన్నీ పాత మందులే. మారింది కొలత, వేగం.

డ్రేప్‌ను బిడ్డ పుట్టి ఉమ్మనీరు పోయాక నడుము కింద పరచాలి. ముందే పరిస్తే నీళ్లు కలిసి లెక్క తప్పుతుంది. డ్రేప్ దొరక్కపోతే శుభ్రమైన పాలిథిన్ షీటు పరిచి, దాని చివర స్టీలు బేసిన్‌లోకి దించండి. తడిసిన ప్యాడ్లు, గుడ్డలు కాటా మీద తూచి పొడి బరువు తీసేయండి. ఒక గ్రాము అంటే ఒక మి.లీ. అనుకోవచ్చు. కూరగాయల కొట్టులో ఉండే ఎలక్ట్రానిక్ కాటా చాలు, ఇండెంట్ పెట్టి ఎదురుచూడాల్సిన సామాను కాదు.

మామూలు కాన్పులో 500 మి.లీ. చేరితే పీపీహెచ్. 300 చేరినప్పుడే పల్స్ 100 దాటినా, బీపీ పైఅంకె 100 కన్నా, కిందిది 60 కన్నా తగ్గినా, పల్స్ అంకె బీపీ పైఅంకెను మించినా చికిత్స మొదలుపెట్టండి. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన కూడా ఇదే. రక్తహీనత ఉన్న మనిషి అయితే నేను 300 దగ్గరే చెయ్యి కదిపేస్తాను, పల్స్ ఎంతున్నా సరే.

ఇంకొక మాట. "చెడు నెత్తురు పోవాలె, ఆపొద్దు సిస్టర్" అని అత్తమ్మలు అంటారు. వాళ్లతో వాదానికి దిగకండి. "అమ్మా, పోవాల్సింది పోయింది, ఇది మంచి నెత్తురు" అని చెప్పి డ్రేప్‌లో గీత చూపించండి. కంటికి కనిపించే గీతను ఎవరూ కాదనరు. అదే అత్తమ్మ, బాలింత "కండ్లు తిరుగుతున్నయ్" అందని చెబితే మాత్రం వెంటనే వినండి. "పక్కబట్టలు మళ్లీ తడిసినయ్ సిస్టర్" అన్న ఆయమ్మ మాట మానిటర్ కన్నా ముందు చెబుతుంది.

మొదటి పదిహేను నిమిషాలు

ఒకటి చేసి, ఫలితం చూసి, తర్వాత ఇంకోటి చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. కిందివన్నీ ఒకేసారి, ముగ్గురు చేతుల్లో సాగాలి. టైము ఎవరో ఒకరు గట్టిగా చెబుతూ రాయాలి.

గట్టిగా పిలవండి. "పీపీహెచ్" అన్న ఒక్క మాట చాలు. ఆయమ్మ డాక్టరుకు ఫోన్ చేసి డబ్బా తెస్తుంది. ఎవరు ఏం చేయాలో ముందే గోడ మీద రాసి ఉండాలి.

తల దగ్గర నిలబడ్డవాళ్లు ఒక చేత్తో పొట్ట మీద గర్భసంచిని గుండ్రంగా రుద్దుతూ గడ్డలు బయటికి పిండాలి. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి బిగుసుకోదు, అందుకే వెంటనే ఫోలీ వేయండి. ఆక్సిజన్ పెట్టండి. కాళ్లు కాస్త ఎత్తండి, దుప్పటి కప్పండి. ఒళ్లు చల్లబడితే నెత్తురు గడ్డకట్టదు.

రెండోవాళ్లు లావు క్యానులాలు రెండు వేయాలి. మొదటిదాంట్లోంచే గ్రూపు, క్రాస్‌మ్యాచ్, గాజు నాళిక కోసం నెత్తురు తీసి పెట్టుకోండి. ఒక లైన్లో ఆక్సిటోసిన్ వెళ్లాలి: లీటరుకు 20 యూనిట్ల లెక్కన, అంటే అరలీటరు ఆర్‌ఎల్ సీసాకు 10 యూనిట్లు, నిమిషానికి 60 చుక్కలు. నరం దొరకకపోతే 10 యూనిట్లు కండకు. పలచన చేయకుండా నరంలోకి ఒక్కసారిగా తోయవద్దు, బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదముంది. రెండో లైన్లో వట్టి ఆర్‌ఎల్ లేదా నార్మల్ సలైన్ వేగంగా పోనివ్వండి. డెక్స్‌ట్రోజ్ సీసా ఇందుకు పనికిరాదు. ఎంత పోయిందో చూసుకుంటూ ఎక్కించండి. నెత్తురు అందకుండా రెండు లీటర్లు దాటి సలైన్ పోస్తూ పోతే మిగిలిన నెత్తురు కూడా నీళ్లై గడ్డకట్టే గుణం పోతుంది.

మూడోవాళ్లు ట్రానెక్సామిక్ యాసిడ్ ఇవ్వాలి. 1 గ్రాము, పది నిమిషాలు పట్టేలా నరానికి. 500 మి.గ్రా. ఆంపూళ్లు రెండు కలిపితే 10 మి.లీ., నిమిషానికి ఒక మి.లీ. గుర్తుపెట్టుకోవడం తేలిక. 21 దేశాల్లో 20 వేల మంది స్త్రీలతో చేసిన ఉమన్ ట్రయల్ 2017లో తేల్చిన సంగతి ఇది: కాన్పు అయిన మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు. దాని లెక్కలను ఇంకో ట్రయల్ లెక్కలతో కలిపి తర్వాత చేసిన విశ్లేషణ ప్రకారం, ఆలస్యమయ్యే ప్రతి 15 నిమిషాలకూ ఆ మేలు పదో వంతు తగ్గిపోతుంది. మిగతావన్నీ విఫలమయ్యాక ఆఖర్న ఇచ్చే మందుగా దీన్ని దాచుకోకండి. కారణం గర్భసంచి మెత్తదనమైనా చిరుగైనా మొదటి మోతాదు ఆగకూడదు. 30 నిమిషాల తర్వాత కూడా పోతుంటే, లేదా ఆగి 24 గంటల్లోపు మళ్లీ మొదలైతే ఇంకో గ్రాము. థియేటర్ ఉన్న ఆస్పత్రుల్లో ఈ ఆంపూల్‌ను వెన్నుకు మత్తిచ్చే మందు ట్రేలో ఎప్పుడూ పెట్టవద్దు. రెండు ఆంపూళ్లూ చూడ్డానికి ఒకలా ఉండి, పొరపాటున ఇది వెన్నులోకి వెళ్లి ప్రాణాలు పోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి.

ఆక్సిటోసిన్‌కు గర్భసంచి లొంగకపోతే తర్వాతి మందు. మెథర్జిన్ 0.2 మి.గ్రా. కండకు, బీపీ ఎక్కువున్నవాళ్లకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వొద్దు. లేదా కార్బోప్రోస్ట్ 250 మైక్రోగ్రాములు కండకు, 15 నిమిషాలకొకసారి, మొత్తం ఎనిమిదికి మించకుండా. ఆస్తమా ఉంటే వద్దు, నరానికి అసలే వద్దు. ఇంజెక్షన్లేవీ లేని సబ్‌సెంటర్‌లో మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు, అంటే 200వి నాలుగు మాత్రలు నాలుక కింద. చలి, జ్వరం వస్తాయి. కంగారుపడకుండా ఇంటివాళ్లకు ముందే చెప్పండి.

చెయ్యి పనిచేస్తుండగానే కారణం వెతకండి

చాలా కేసుల్లో గర్భసంచి మెత్తదనమే. కానీ చెయ్యి కింద గర్భసంచి రాయిలా గట్టిగా ఉండి, కింద ఎర్రటి నెత్తురు సన్నగా ధారగా వస్తోందంటే చిరుగు. మంచి లైటు, పొట్టను పట్టుకునే ఒక మనిషి, రెండు స్పంజ్ హోల్డర్లు ఉంటే గర్భద్వారం చుట్టూ చూడవచ్చు. మూడు, తొమ్మిది గంటల స్థానాలు ముఖ్యం. కుట్టు చిరుగు పైకొస కన్నా కాస్త పైనుంచి మొదలవ్వాలి. పైకొస అందకపోతే గాజుగుడ్డ కుక్కి పంపండి, గుడ్డిగా కుట్టొద్దు. బయటికి నెత్తురు లేకుండా కింద విపరీతమైన నొప్పి, పల్స్ పరుగు ఉంటే గోడ లోపల గడ్డ కడుతోందేమో చూడండి. ముందు సిజేరియన్ అయి ఇప్పుడు మామూలు కాన్పు అయినవాళ్లలో గర్భసంచి చిట్లడాన్ని మరవొద్దు.

మాయ 30 నిమిషాలకూ రాకపోతే చేత్తో తీయాలి. నెత్తురు పోతుంటే ఆ 30 నిమిషాలు కూడా లేవు. నొప్పికి మందు, యాంటీబయాటిక్ ఒక మోతాదు ఇచ్చి, పైచెయ్యి గర్భసంచిని పట్టుకుని ఉండగా లోపలి చేతి అంచుతో మాయను విడదీయండి. మెథర్జిన్ మాయ వచ్చాకే. మాయ గర్భసంచికి విడదీయరాకుండా అతుక్కుని ఉంటే పీకవద్దు, ఆపి పంపండి.

పొట్ట మీద గర్భసంచి అసలు చేతికే తగలట్లేదు, కింద ముద్దలా ఏదో కనిపిస్తోందంటే అది తిరగబడింది. ఆక్సిటోసిన్ ఆపి, మాయ ఊడకపోతే దాన్ని అలాగే ఉంచి, పిడికిలితో వెంటనే లోపలికి నెట్టండి. నిమిషాలు గడిచేకొద్దీ గర్భద్వారం బిగుసుకుంటుంది. లోపలికి వెళ్లాక ఆక్సిటోసిన్ మళ్లీ మొదలు.

ఇంకో కారణం గడ్డకట్టే గుణం పోవడం. మాయ ముందే ఊడినవాళ్లు, బిడ్డ కడుపులో చనిపోయి రోజులైనవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లలో అనుమానించాలి. ఇందుకు ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన గాజు నాళికలో 5 మి.లీ. నెత్తురు పోసి గుప్పిట్లో వెచ్చగా పట్టుకోండి. ఏడు నిమిషాలకు గడ్డ కట్టకపోయినా, కట్టిన గడ్డ కదిపితే ఇట్టే చెదిరిపోయినా ప్లాస్మా ఉన్న ఆస్పత్రికి పంపే పని మొదలుపెట్టండి. ప్లాస్టిక్ నాళికలో ఈ పరీక్ష చేయొద్దు.

మందులకు లొంగకపోతే

రెండు చేతులే మొదటి పరికరం. గ్లౌజు వేసిన చేతిని యోనిలోకి పంపి పిడికిలి బిగించి గర్భసంచి ముందు గోడకు ఆనించండి. రెండో చేత్తో పొట్ట మీదనుంచి గర్భసంచి వెనక్కి వెళ్లి, రెండు చేతుల మధ్య దాన్ని నొక్కి పట్టండి. చేతులు నొప్పెడతాయి, అందుకే ఐదు నిమిషాలకొకసారి మనిషి మారాలి. ఇది కుదరకపోతే, లేదా తీసుకెళ్లే దారిలో, బొడ్డుకు కాస్త పైన, కొంచెం ఎడమవైపు పిడికిలితో వెన్నెముక వైపు నొక్కి పెద్ద రక్తనాళాన్ని ఆపండి. రెండో చేత్తో గజ్జలో నాడి పట్టి చూడండి. నాడి తెలియట్లేదంటే సరిగ్గా నొక్కుతున్నారు. కాన్పు తర్వాత పొట్ట కండరాలు వదులుగా ఉంటాయి గనక ఇది అనుకున్నంత కష్టం కాదు, ఆయమ్మకు కూడా నేర్పవచ్చు.

తర్వాత కండోమ్ బెలూన్. 2000ల మొదట్లో ఢాకాలో డాక్టర్ సయేబా అఖ్తర్ చేసి చూపించిన ఉపాయం ఇది. ఖరీదైన బెలూన్ కొనలేని చోట పుట్టింది, అందుకే మనకు అచ్చంగా సరిపోతుంది. ఫోలీ క్యాథెటర్ కొసకు కండోమ్ తొడిగి, దారంతో రెండు చోట్ల నీళ్లు కారకుండా, గొట్టం మూసుకుపోకుండా కట్టండి. మాయ ముక్కలు లేవని, చిరుగు లేదని చూసుకున్నాకే గర్భసంచిలోకి పంపండి. సలైన్ సెట్ తగిలించి 300 నుంచి 500 మి.లీ. దాకా, కింద నెత్తురు ఆగేదాకా నింపండి. గొట్టం మడిచి కట్టి, జారిపోకుండా కింద గాజుగుడ్డ కుక్కండి. గర్భసంచి పై అంచు ఎక్కడుందో పొట్ట మీద పెన్నుతో గీత గీయండి. ఆ గీత దాటి పైకి పోతోందంటే లోపల నెత్తురు నిండుతోందని అర్థం. ఆక్సిటోసిన్ డ్రిప్ సాగాలి, యాంటీబయాటిక్ ఇవ్వాలి. పదిహేను నిమిషాల్లో ఆగితే 12 నుంచి 24 గంటలు ఉంచి, కొద్దికొద్దిగా నీళ్లు తీస్తారు. ఆగకపోతే ఇంకోసారి నింపుతూ కూర్చోకండి, ఆపరేషన్ చేసే చోటికి బయల్దేరండి. బెలూన్ వేసి నెత్తురు ఆగినా, ఆపరేషన్ వసతి లేని ఆస్పత్రిలో ఆ మనిషిని తెల్లారేదాకా అట్టిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

షాక్‌ను ఆపే సూట్ (కాళ్లకు, పొట్టకు పట్టీలతో బిగించేది) మీ దగ్గర ఉంటే చీలమండల నుంచి మొదలుపెట్టి పైకి బిగించండి. విప్పేది నెత్తురు, ఆపరేషన్ రెండూ ఉన్నచోట మాత్రమే. అదీ కింది నుంచి ఒక్కో పట్టీ, మధ్యలో 15–20 నిమిషాలు ఆగి. విప్పాక బీపీ 20 తగ్గినా, పల్స్ 20 పెరిగినా మళ్లీ బిగించాలి.

పంపాల్సి వస్తే

ఎక్కడికి అన్నది నెత్తురు పోతున్నప్పుడు ఆలోచించే విషయం కాదు. కాగితం మీద చూస్తే పీహెచ్‌సీ నుంచి సీహెచ్‌సీకి, అక్కణ్నుంచి ఏరియా ఆస్పత్రికి, ఆ తర్వాత జిల్లాకు పంపాలి. నెత్తురుపోతకు ఈ నిచ్చెన పనికిరాదు. నెత్తురు, సర్జన్, మత్తు డాక్టరు మూడూ ఈ రాత్రి ఉన్న దగ్గరి చోటికి నేరుగా పోవాలి. దేవరకొండ వాళ్లకు అది నల్గొండ జనరల్ ఆస్పత్రి, దారి గంట పైనే. అమ్రాబాద్, మన్ననూర్ అడవి ఊళ్లకు అచ్చంపేట దగ్గరే గానీ, అక్కడ నెత్తురు ఉందో లేదో తెలుసుకుని బండి కదలాలి. లేదంటే నాగర్‌కర్నూల్ లేదా మహబూబ్‌నగర్. ఆలంపూర్‌కు కర్నూలు, మక్తల్‌కు రాయచూర్ పక్కనే ఉన్నాయి. రాష్ట్రం సరిహద్దు దాటాలని వెనకాడి మహబూబ్‌నగర్ వైపు బండి తిప్పడం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. ఏ ఊరికి ఏ ఆస్పత్రో, వాళ్ల లేబర్ రూమ్ నంబరేంటో పగటిపూట రాసి గోడకు అతికించండి.

రెండో మందు పడుతున్నప్పుడే 108కు ఫోన్ చేయండి. నెత్తురు ఆగితే బండిని వెనక్కి పంపేయవచ్చు. అవతలి ఆస్పత్రికి మీరే ఫోన్ చేసి గ్రూపు, ఎంత పోయింది, ఏమేం ఇచ్చారు చెప్పండి. బండిలో నర్సు వెంట వెళ్లాలి. డ్రిప్, పొట్ట మీద చెయ్యి దారంతా ఆగకూడదు. ట్రానెక్సామిక్ ఎన్ని గంటలకు ఇచ్చారో, బెలూన్‌లో ఎన్ని మి.లీ. నీళ్లున్నాయో కాగితం మీద లేకపోతే అవతలివాళ్లు మళ్లీ మొదటినుంచీ మొదలుపెడతారు. బిడ్డను తల్లితోనే, వెచ్చగా.

నెత్తురు ఇచ్చేవాళ్లను కూడా అదే బండిలోనో వెనక బైకుల మీదో పంపాలి. మగవాళ్లు నెత్తురిస్తే నీరసపడతారని ఇంటివాళ్లు వెనక్కి తగ్గుతారు. భర్తను పక్కకు పిలిచి, "తమ్ముడూ, నీ గ్రూపు కలవకపోయినా పర్లేదు, నువ్విస్తే బ్యాంకు బదులు ఇస్తుంది" అని చెబితే చాలాసార్లు కదులుతారు.

సిజేరియన్ మాట

పైన చెప్పిన 2019–21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. కాబట్టి మన పీపీహెచ్‌లో పెద్ద భాగం థియేటర్‌లోనూ, అంతకన్నా ఎక్కువగా ఆపరేషన్ తర్వాత వార్డులోనూ ఉంటుంది. సక్షన్ సీసాలోది (ఉమ్మనీరు తీసేసి), తూచిన మాప్‌లలోది (నెత్తురు పీల్చే గుడ్డల్లోది) కలిపి లెక్క వేయండి, 1000 మి.లీ. హద్దు. వార్డులో నెత్తురు దుప్పటి కింద, నడుము కింద చేరుతుంది, పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. పక్కకు తిప్పి చూడాలి. మత్తు దిగని మనిషికి కళ్లు తిరుగుతున్నాయని చెప్పే ఓపిక కూడా ఉండదు.

పొట్ట తెరిచే సర్జన్‌కు ఒక్క మాట. 1997లో బి-లించ్ చెప్పిన, గర్భసంచిని చుట్టి నొక్కి పట్టే కుట్టు, గర్భసంచి ధమనులను కట్టడం, ఆఖరికి గర్భసంచి తీసేయడం: ఈ వరుస అందరికీ తెలుసు. చిన్న ఆస్పత్రిలో వాటి మధ్య ఎదురుచూసే సమయం తగ్గించాలి. నెత్తురు సంచులు రెండే ఉన్నప్పుడు మూడో ప్రయత్నం చేసి చూద్దాం అనడం కన్నా, గర్భసంచి తీసే నిర్ణయం ముందే చేయడం మేలు. సంచులు ఎక్కించేటప్పుడు వెచ్చబరచండి. నాలుగు సంచులు పోయాక కాల్షియం గ్లూకోనేట్ ఇవ్వండి. ఎర్రకణాలతో పాటు ప్లాస్మా కూడా అడగండి.

ఆగిన తర్వాత

ఆగిందని టేబుల్ మీదినుంచి దించి వార్డుకు పంపేయొద్దు. మొదటి రెండు గంటలు 15 నిమిషాలకొకసారి, తర్వాత అరగంటకొకసారి పల్స్, బీపీ, గర్భసంచి బిగువు చూడండి. మూత్రం గంటకు 30 మి.లీ. తగ్గకూడదు. ప్రతి షిఫ్టు మారేటప్పుడు ప్యాడ్ మార్చి చూపించి, లెక్క చెప్పి అప్పగించాలి. ఆర్‌హెచ్ నెగటివ్ తల్లికి, బిడ్డ పాజిటివ్ అయితే, 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఈ హడావుడిలో మరిచిపోయేది మొట్టమొదట ఇదే.

డబ్బాలో వాడినవి ఆ షిఫ్టులోనే నింపండి. ఒక ఖాళీ సీసా, దిండుతో నెలకొకసారైనా మొత్తం టీము అరగంట అభ్యాసం చేయాలి, ఆయమ్మతో సహా. ఏ మెట్టు ఎన్ని నిమిషాలకు జరిగిందో టైముల కాగితం చూస్తే తెలిసిపోతుంది, ఎవరినీ నిలదీయాల్సిన పని ఉండదు.

ఇంటికి పంపేటప్పుడు హిమోగ్లోబిన్ మళ్లీ చూసి, అవసరమైతే నరానికి ఐరన్ ఎక్కించి పంపండి. నెత్తురు బాగా పోయినవాళ్లకు పాలు ఆలస్యంగా పడొచ్చు. పాలు అసలు పడకపోవడం, తర్వాత నెలసరి రాకపోవడం, విపరీతమైన నీరసం ఉంటే పీయూష గ్రంథి దెబ్బతిన్నదేమో పెద్దాస్పత్రిలో చూపించాలి. కాన్పైన రెండో వారంలో కూడా మళ్లీ ఎక్కువగా పోవచ్చు. వాసన, జ్వరం, గంటకు ఒక ప్యాడ్ పూర్తిగా తడవడం: వీటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేయాలని తల్లితో పాటు అత్తమ్మకూ, ఊరి ఆశా అక్కకూ చెప్పండి. పుట్టింటికి వెళ్తున్నదైతే ఆ ఊరి ఏఎన్‌ఎం నంబరు కనుక్కుని మీరే ఫోన్ చేయండి. డిశ్చార్జి కాగితం మీద "పీపీహెచ్, ఇంత పోయింది, ఇన్ని సంచులు ఎక్కించాం" అని పెద్దక్షరాలతో రాయండి, తర్వాతి కాన్పు ఎక్కడ జరగాలో ఆ వాక్యాన్ని బట్టే నిర్ణయిస్తారు.